బంగారు క్లస్టర్ మీద లిగాండ్ మారిస్తే గుణం ఎలా మారుతుంది? ల్యాబ్‌లో చేసి తేల్చుకునే పద్ధతి

"క్లస్టర్ మీద లిగాండ్ మార్చాను. స్పెక్ట్రమ్ మారింది. ఇది లిగాండ్ ప్రభావమే అని రాసేయొచ్చా?" ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు నా జవాబు ఒక్కటే: అప్పుడే వద్దు.

క్లస్టర్ అంటే లెక్కపెట్టగలిగినన్ని బంగారు పరమాణువుల గుంపు, లిగాండ్ అంటే దానికి బయట అతుక్కున్న అణువు. ఇక్కడ లిగాండ్ గంధకం ఉన్న థయోల్ నుంచి వస్తుంది, అతుక్కున్నాక దాన్ని థయోలేట్ అంటాం. కొత్త థయోల్ కలిపిన ఫ్లాస్కులో మూడు మార్పులు ఒకేసారి జరగొచ్చు. లిగాండ్ మారొచ్చు. లోపలి బంగారు కోర్ మారొచ్చు. క్లస్టర్ మీదున్న విద్యుదావేశం మారొచ్చు. మూడింటిలో ఏది మారినా రంగు మారుతుంది. కోర్, ఆవేశం మారలేదని చూపించాకే లిగాండ్ గురించి మాట్లాడాలి. కింద చెప్పే పద్ధతంతా ఈ వరసలోనే ఉంటుంది.

ఉదాహరణకు 25 బంగారు పరమాణువులు, 18 థయోలేట్ లిగాండ్లు ఉన్న క్లస్టర్‌ను తీసుకుంటున్నాను. దాన్ని ఏయూ25 అని పిలుద్దాం. దీని స్ఫటిక నిర్మాణం 2008లోనే తేలిపోయింది, తయారీ మామూలు ల్యాబ్‌లో సాధ్యం, శోషణ స్పెక్ట్రమ్ చూస్తే గుర్తుపట్టేయొచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే మంచి నమూనా లేదు.

## 1. చేతులు పెట్టే ముందు నిర్మాణం తెలియాలి

మధ్యలో 13 బంగారు పరమాణువుల కోర్ ఉంటుంది: కేంద్రంలో ఒకటి, దాని చుట్టూ ఇరవై ముఖాల ఆకారంలో 12. ఈ కోర్‌ను ఆరు "స్టేపుల్స్" పట్టుకుని ఉంటాయి. ఒక్కో స్టేపుల్‌లో రెండు బంగారు పరమాణువులు, మూడు గంధకాలు. మొత్తం లెక్క 13కి 12 కలిపితే 25 బంగారాలు, ఆరు మూళ్లు 18 లిగాండ్లు.

అంటే లిగాండ్ పైపైన పూసిన పూత కాదు. దాని గంధకం నిర్మాణంలోనే భాగం. అందుకే లిగాండ్‌ను కదిలిస్తే లోపలి కోర్ కూడా కదిలే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రాన్ల లెక్క కూడా చూడండి. 25 బంగారాలు తలా ఒక ఎలక్ట్రాన్ ఇస్తాయి. 18 థయోలేట్లు తలా ఒకటి పట్టుకుంటాయి. మిగిలినవి 7. క్లస్టర్ మీద ఒక రుణావేశం ఉంటే 8 అవుతాయి, కక్ష్య నిండుతుంది. తయారైనప్పుడు మనకు వచ్చేది ఈ రుణావేశ రూపమే. గాలికి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని తటస్థ రూపంగా మారిపోగలదు. ఈ సంగతి తర్వాత చాలాసార్లు అవసరపడుతుంది.

18 స్థానాలూ ఒకటి కావు. ప్రతి స్టేపుల్‌లో రెండు గంధకాలు కోర్‌కు అతుక్కుని ఉంటాయి, ఒకటి బయటి కొసన ఉంటుంది. అంటే 12 లోపలివి, 6 బయటివి. సగం మార్పిడి జరిగిన నమూనాలో కొత్త లిగాండ్లు ఎక్కడ కూర్చున్నాయన్నది వేరే ప్రశ్న. దాన్ని ఎన్ఎంఆర్‌తో (అయస్కాంత క్షేత్రంలో అణువు నిర్మాణం చూపే పద్ధతి) విడిగా చూడాలి.

లిగాండ్ మూడు రకాలుగా పనిచేస్తుంది:

- ఎలక్ట్రాన్ లాగుడు: గంధకానికి తగిలించిన గుంపు ఎలక్ట్రాన్లను లాగితే లేదా ఇస్తే, క్లస్టర్ ఆక్సీకరణ పొటెన్షియల్ జరుగుతుంది.
- స్థూలత్వం: గంధకం పక్కనే లావుపాటి గుంపు ఉంటే స్టేపుల్ కోణాలు ఇరుకైపోతాయి. అప్పుడు కోర్ పరిమాణమే మారిపోవచ్చు.
- బిగువు: బయటి పొర ఎంత కదిలితే, ఉత్తేజిత శక్తి అంత వేడిగా పోతుంది. పొర బిగిస్తే కాంతి పెరుగుతుంది.

మొదటిదానికి ఎలక్ట్రోకెమిస్ట్రీ, రెండోదానికి మాస్ స్పెక్ట్రమ్, మూడోదానికి వెలుగు కొలిచే ఫ్లోరిమీటర్ కావాలి. ఒక్క యూవీ (శోషణ) స్పెక్ట్రమ్‌తో మూడింటికీ జవాబు రాదు.

## 2. ప్రశ్న ఒకటే పెట్టుకోండి, లిగాండ్ దాన్ని బట్టి ఎంచుకోండి

ల్యాబ్ షెల్ఫ్‌లో ఏ థయోల్ దొరికితే అది వేసేయడం అందరూ చేసే పని. దాంతో ఒకేసారి పొడవు, స్థూలత్వం, ఎలక్ట్రాన్ లాగుడు అన్నీ మారిపోతాయి. తర్వాత ఏది కారణమో ఎవరూ చెప్పలేరు.

మన మాతృ క్లస్టర్ మీద ఫినైల్ ఇథేన్ థయోల్ ఉంటుంది. దీన్ని పీఈటీ అందాం. దానికి పోటీగా:

- ఆరోమాటిక్ వలయం అసలు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే హెక్సేన్ థయోల్.
- ఎలక్ట్రాన్ లాగుడు ప్రభావం చూడాలంటే 4-బ్రోమోథయోఫినాల్, 4-మిథైల్ థయోఫినాల్ జంట. ఒక్క పీఈటీతో పోల్చకండి, ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చండి. ఆకారం దాదాపు ఒకటే, తేడా అంతా చివర ఉన్న గుంపుదే.
- స్థూలత్వం చూడాలంటే 4-టెర్ట్-బ్యూటైల్ బెంజీన్ థయోల్. దీన్ని చాలా ఎక్కువ మోతాదులో వేసి 80 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఏయూ25 కాస్తా 28 బంగారాలు, 20 లిగాండ్లు ఉన్న వేరే క్లస్టర్‌గా మారిపోతుంది. ఇది 2013లో నిర్మాణంతో సహా తేలిన విషయం. ఇదే దారిలో 38 బంగారాల క్లస్టర్ 36 బంగారాలదిగా మారుతుంది.

ఆ చివరి ఉదాహరణ చూస్తే ఈ పద్ధతి ఎందుకింత పట్టుగా ఉండాలో అర్థమవుతుంది. "లిగాండ్ మార్చాను" అనుకున్నవాడి చేతిలో నిజానికి ఉన్నది ఇంకో పదార్థం.

## 3. సరంజామా, జాగ్రత్తలు

గోల్డ్ క్లోరైడ్ ట్రైహైడ్రేట్ గాలిలోని తేమను లాగేసుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో సీసా మూత తీసి బ్యాలెన్స్ దగ్గర నిలబడితే ముద్దగా మారడం కళ్ల ముందే కనిపిస్తుంది. డెసికేటర్‌లోంచి తీసిన వెంటనే తూచాలి. స్టీల్ స్పాచులా వాడొద్దు, బంగారు లవణం దాన్ని తినేస్తుంది. గాజుది లేదా ప్లాస్టిక్‌ది వాడండి.

గాజుసామాను ఆక్వా రీజియాతో కడగాలి: మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం. ఎప్పుడూ అప్పటికప్పుడు కలపాలి, మూత బిగించకూడదు, అసిటోన్ తడి ఉన్న ఫ్లాస్కులో పోయకూడదు. తర్వాత నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి.

థయోల్ తగిలిన గ్లౌజులు, పిపెట్ టిప్పులు బ్లీచ్ నీళ్లలో నానబెడితే వాసన పోతుంది. ఆ బ్లీచ్ బకెట్, ఆక్వా రీజియా ఒకే హుడ్‌లో ఉండకూడదు. బ్లీచ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. దీనికి మినహాయింపు లేదు.

టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి) పాత సీసా అయితే పెరాక్సైడ్ స్ట్రిప్‌తో చూసుకోండి. అందులో నిల్వ కోసం కలిపిన బీహెచ్‌టీ ఉంటే తర్వాత ఎన్ఎంఆర్‌లో 1.4 పీపీఎం దగ్గర పదునైన పీక్‌గా బయటపడుతుంది. దాన్ని లిగాండ్ అనుకుని ఇంటిగ్రేట్ చేసినవాళ్లు ఉన్నారు.

మొదలుపెట్టే ముందు:

☐ సోడియం బోరోహైడ్రైడ్ పొడిగా, గడ్డకట్టకుండా ఉందా
☐ ఐస్ బాత్, ఐస్‌లో చల్లార్చిన నీళ్లు సిద్ధమా
☐ హుడ్ లాగుడు సరిగ్గా ఉందా, దగ్గర్లో మంట ఏమైనా ఉందా
☐ యూవీ-విజిబుల్ యంత్రం రెండు రోజులు అందుబాటులో ఉందా
☐ మాల్డీ (క్లస్టర్ బరువు చూపే మాస్ స్పెక్ట్రోమీటర్) స్లాట్ బుక్ అయిందా

చివరిది ముందే చూసుకోమంటున్నది ఊరికే కాదు. నమూనా తయారై స్లాట్ కోసం మూడు వారాలు సీసాలో కూర్చుంటే, స్లాట్ వచ్చేసరికి అది అదే నమూనాగా ఉండదు.

## 4. మాతృ క్లస్టర్ తయారీ

1. 50 మి.లీ. ఫ్లాస్కులో 7 మి.లీ. టీహెచ్ఎఫ్ తీసుకోండి. 100 మి.గ్రా. గోల్డ్ క్లోరైడ్ ట్రైహైడ్రేట్, 156 మి.గ్రా. టెట్రాఆక్టైల్ అమ్మోనియం బ్రోమైడ్ వేసి 15 నిమిషాలు తిప్పండి. పసుపు కాస్తా నారింజ-ఎరుపుకు తిరుగుతుంది.

2. 0.17 మి.లీ. పీఈటీ కలపండి. ఇది బంగారానికి ఐదింతలు. నెమ్మదిగా తిప్పుతూ రంగు పూర్తిగా పోయేదాకా ఆగండి. రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా పాడవుతుంది. లేత పసుపు మిగిలి ఉండగా తర్వాతి మెట్టుకు వెళ్తే పెద్ద కణాలు ఎక్కువగా వస్తాయి.

3. 96 మి.గ్రా. సోడియం బోరోహైడ్రైడ్‌ను 2.4 మి.లీ. ఐస్ నీళ్లలో కరిగించి, కరిగిన వెంటనే ఒకేసారి పోసేయండి. వేగంగా తిప్పండి. ద్రావణం క్షణాల్లో నల్లబడుతుంది, హైడ్రోజన్ పొంగుతుంది. మూత బిగించొద్దు.

4. గది ఉష్ణోగ్రత దగ్గర ఒకటి రెండు రోజులు తిప్పుతూ వదిలేయండి. మొదట అన్ని పరిమాణాల కణాలూ పుడతాయి. మిగులు థయోల్ బలహీనమైనవాటిని కొరికేస్తూ పోతుంది, గట్టిది నిలుస్తుంది.

5. ప్రతి ఆరేడు గంటలకు ఒక చుక్క తీసి టీహెచ్ఎఫ్‌లో పలుచన చేసి యూవీ తీయండి. మొదట్లో మెట్లు లేని వాలు గీత కనిపిస్తుంది. తర్వాత 400, 450, 680 నానోమీటర్ల దగ్గర పీకులు పైకి లేస్తాయి. వరుసగా రెండు నమూనాల్లో పీకులు ఇక పదును తేలకపోతే ఆపేయండి.

## 5. శుద్ధి, మాతృ నమూనా పరీక్ష

కరగని తెల్ల పొడిని వడకట్టండి, అది బంగారం-థయోలేట్ పాలిమర్. టీహెచ్ఎఫ్‌ను రోటాలో (రోటరీ ఎవాపరేటర్) తీసేయండి, నీళ్ల బాత్ గోరువెచ్చగా ఉంటే చాలు. మిగిలిన జిడ్డు ముద్దను మెథనాల్‌తో కడగండి. మెథనాల్‌లో మిగులు థయోల్, డైసల్ఫైడ్, అమ్మోనియం లవణం వెళ్లిపోతాయి. కడిగిన మెథనాల్‌లో వాసన పూర్తిగా పోయేదాకా కడగండి. ఈ మెట్టు దగ్గర మాత్రం మీ ముక్కే మంచి డిటెక్టర్.

తర్వాత అసిటోనైట్రైల్‌తో లాగండి. ఏయూ25 అందులో కరుగుతుంది, పెద్ద క్లస్టర్లు అడుగున ఉండిపోతాయి. ఆరబెట్టి తూచండి.

ఈ మూడు పరీక్షల్లో గట్టెక్కని నమూనాతో మార్పిడి మొదలుపెట్టొద్దు:

☐ యూవీ: 680 దగ్గర స్పష్టమైన పీక్, 520 దగ్గర ఉబ్బు లేదు
☐ మాల్డీ: 7394 దగ్గర ప్రధాన పీక్
☐ టీజీఏ (వేడిచేస్తూ బరువు తగ్గుదల కొలిచే పరీక్ష): బరువు నష్టం 37 శాతం దగ్గర

మాల్డీకి నమూనాతో కలిపే మ్యాట్రిక్స్‌గా డీసీటీబీ వాడండి, లేజర్ శక్తి వీలైనంత తక్కువ పెట్టండి. 6057 దగ్గర ఇంకో పీక్ వస్తే కంగారు వద్దు. నాలుగు బంగారాలు, నాలుగు లిగాండ్లు ఊడిపోయిన ముక్క అది, లేజర్ దెబ్బకు ఏర్పడుతుంది. లేజర్ తగ్గించి మళ్లీ తీయండి. 7394తో పోలిస్తే అది చిన్నదైతే ముక్కే. తగ్గకపోతే నమూనాలోనే ఏదో ఉంది.

టీజీఏలో నష్టం 33 శాతం దగ్గర ఆగితే అమ్మోనియం అయాన్ లేదని అర్థం, అంటే మీ క్లస్టర్ తటస్థ రూపంలోకి మారిపోయి ఉండొచ్చు. 37 కంటే బాగా ఎక్కువొస్తే కడుగుడు సరిపోలేదు.

## 6. లిగాండ్ మార్పిడి: నాలుగు వయల్స్, ఒకే రోజు

అమ్మోనియం అయాన్‌తో కలిపి మాతృ క్లస్టర్ అణుభారం 7861. 5 మి.గ్రా. తీసుకుంటే 0.64 మైక్రోమోల్, లిగాండ్ స్థానాలు 11.4 మైక్రోమోల్. కొత్త థయోళ్లన్నిటికీ డీసీఎంలో (డైక్లోరోమీథేన్) 100 మిల్లీమోలార్ ద్రావణం చేసుకోండి. హెక్సేన్ థయోల్ అయితే 118 మి.గ్రా., 4-బ్రోమోథయోఫినాల్ అయితే 189 మి.గ్రా., ఒక్కోదాన్ని 10 మి.లీ.లో కరిగించాలి. అందులోంచి 0.115 మి.లీ. తీసుకుంటే స్థానానికి ఒక థయోల్ లెక్క.

నాలుగు వయల్స్‌లో తలా 5 మి.గ్రా. క్లస్టర్, 2.5 మి.లీ. డీసీఎం:

- వయల్ 1: ఏమీ కలపొద్దు, 0.115 మి.లీ. డీసీఎం మాత్రమే.
- వయల్ 2: పీఈటీ, అంటే ఉన్న లిగాండే మళ్లీ.
- వయల్ 3: హెక్సేన్ థయోల్.
- వయల్ 4: 4-బ్రోమోథయోఫినాల్.

చాలామంది మొదటి రెండూ వదిలేస్తారు. ఈ ప్రయోగంలో వాటికే విలువ ఎక్కువ. వయల్ 1లో మార్పు వస్తే కారణం గాలి, వెలుతురు, ద్రావణి. వయల్ 2లో మార్పు వస్తే కారణం మిగులు థయోల్ కోర్‌ను కొరకడం. ఈ రెండింట్లో లేనిది, 3లోనో 4లోనో ఉన్నది మాత్రమే కొత్త లిగాండ్ ఖాతాలో వేయాలి.

వయల్స్‌కు ఫాయిల్ చుట్టి గది ఉష్ణోగ్రత దగ్గర తిప్పండి. 10 నిమిషాలు, 1 గంట, 4 గంటలు, 24 గంటలకు 0.3 మి.లీ. తీసి, చల్లని మెథనాల్ 3 మి.లీ.లో పోయండి. సెంట్రిఫ్యూజ్ చేసి రెండుసార్లు కడగండి. మార్పిడి ఆగేది ఈ కడుగుడుతోనే. థయోల్ మిగిలి ఉంటే వయల్‌లో, ఆటోలో, కొరియర్ పెట్టెలో కూడా మార్పిడి నడుస్తూనే ఉంటుంది.

థయోఫినాల్ జాతి వేగంగా చొరబడుతుంది. దానితో స్థానానికి ఒకటి కంటే ఎక్కువ మోతాదు మొదటిసారే వేయకండి.

## 7. కోర్, ఆవేశం మారలేదని రుజువు

కోర్‌కు మాల్డీ. పీఈటీ ఒక్కటి పోయి హెక్సేన్ థయోల్ ఒక్కటి వస్తే బరువు 20 తగ్గుతుంది. 4-బ్రోమోథయోఫినాల్ వస్తే దాదాపు 51 పెరుగుతుంది. కాబట్టి 7394 నుంచి కిందికో పైకో సమానమైన మెట్లు రావాలి. మెట్ల మీద పడని పీక్ ఉంటే కోర్ చెదిరిందని అనుమానించండి. 6057 ముక్కకు కూడా ఇలాంటి మెట్లే వస్తాయి, వాటిని మరిచిపోకండి.

ఎప్పుడూ ఒకే పీక్ రాదు, గుంపుగా వస్తాయి. హెక్సేన్ థయోల్ నమూనాలో 7334, 7314, 7294 దగ్గర ఎత్తులు 1:2:1 ఉన్నాయనుకోండి. మార్పిడైనవి వరుసగా 3, 4, 5. సగటు 4. రాసేటప్పుడు "సగటున 18లో 4" అని రాయండి, విస్తృతి కూడా చెప్పండి. "లిగాండ్ మార్చిన ఏయూ25" అని మాత్రమే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

సగటును ఎన్ఎంఆర్‌తో సరిచూడండి. కొంచెం అయోడిన్ వేసి క్లస్టర్‌ను విచ్ఛిన్నం చేస్తే లిగాండ్లన్నీ డైసల్ఫైడ్లుగా బయటికొస్తాయి. వాటి నిష్పత్తి నేరుగా కనిపిస్తుంది. మాల్డీ, ఎన్ఎంఆర్ సగటులు కలవకపోతే ఎన్ఎంఆర్‌నే నమ్ముతాను నేను, ఎందుకంటే అన్ని రకాలూ మాల్డీలో ఒకేలా అయానీకరణం చెందవు.

ఆవేశానికి యూవీ. ఇది మాల్డీకి కనపడదు, ఒక ఎలక్ట్రాన్ బరువెంతని? రుణావేశ రూపం ఎరుపు-గోధుమ రంగులో ఉంటుంది. తటస్థ రూపం ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. స్పెక్ట్రమ్‌లో 400 పీక్ పదునెక్కి, 450 దగ్గరది తగ్గుతుంది. తటస్థ రూపంలో 7 ఎలక్ట్రాన్లే ఉంటాయి కాబట్టి అది పారామాగ్నెటిక్, ఎన్ఎంఆర్‌లో లోపలి లిగాండ్ పీకులు జరిగి వెడల్పవుతాయి.

తేల్చుకోవడం సులువు. అనుమానమున్న నమూనాకు రవ్వంత సోడియం బోరోహైడ్రైడ్ కలపండి. పాత రంగు, పాత స్పెక్ట్రమ్ తిరిగొస్తే అది ఆక్సీకరణే. సిలికా కాలమ్ మీద నడిపినా ఇలాంటి ఆక్సీకరణే జరుగుతుంది. కాలమ్ తర్వాత రంగు మారిందని కొత్త క్లస్టర్ దొరికిందనుకోవద్దు.

## 8. ఇప్పుడు గుణాలు కొలవండి

శోషణ. కోర్ అలాగే ఉంటే 680 పీక్ దాదాపు అక్కడే ఉంటుంది. హెక్సేన్ థయోల్‌తో పెద్ద తేడా ఆశించకండి. వలయం నేరుగా గంధకానికి తగిలిన థయోఫినాల్ జాతితో కాస్త ఎరుపు వైపు జరగొచ్చు. 680 పీక్ పూర్తిగా మాయమైతే 7వ భాగానికి తిరిగి వెళ్లండి.

పొటెన్షియల్. లిగాండ్ ప్రభావం అన్నిటికంటే శుభ్రంగా కనిపించేది ఇక్కడే. డీసీఎంలో 0.1 మోలార్ టెట్రాబ్యూటైల్ అమ్మోనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వేసి, నైట్రోజన్ పోనిచ్చి, డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీ తీయండి. పొటెన్షియల్‌కు ప్రమాణంగా వాడే ఫెర్రోసీన్‌ను చివర్లో కలపండి, ముందే కలిపితే క్లస్టర్ పీకుల మీద పడొచ్చు.

రెండు ఆక్సీకరణ పీకులు 0.3 వోల్ట్ దూరంలో వస్తాయి. మొదటి ఆక్సీకరణకూ మొదటి క్షయకరణకూ మధ్య దాదాపు 1.6 వోల్ట్. అందులోంచి ఆ 0.3 చార్జింగ్ శక్తిని తీసేస్తే మిగిలేది 1.3, అదే క్లస్టర్ శక్తి అంతరం.

ఎలక్ట్రాన్ లాగే గుంపు ఉంటే పీకులన్నీ కలిసి ధన దిశలో జరుగుతాయి, అంటే ఆక్సీకరణ కష్టమవుతుంది. ఎలక్ట్రాన్ ఇచ్చే గుంపుతో ఎదురు దిశ. కానీ పీకుల మధ్య దూరం పెద్దగా మారదు. రాయ్స్ ముర్రే బృందం 2005లోనే చూపించిన విషయం ఇది: థయోఫినాల్ చివర గుంపు మారిస్తే పొటెన్షియళ్లు జరుగుతాయి, శక్తి అంతరం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మీ కొలతలో అంతరమే మారిపోతే లిగాండ్‌ను కాదు, కోర్‌ను అనుమానించండి.

కాంతి. పీఈటీతో ఉన్న ఏయూ25 చాలా మసకగా వెలుగుతుంది, క్వాంటమ్ ఈల్డ్ (పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు) పదివేలలో ఒక వంతు స్థాయి. ఇంత మసక నమూనాతో యంత్రం సులువుగా మోసం చేస్తుంది.

☐ ఉత్తేజ తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ 0.1 కంటే తక్కువ ఉంచారా
☐ 400తో ఉత్తేజపరిస్తే 800 దగ్గర కనిపించేది గ్రేటింగ్ రెండో శ్రేణి పీక్ కాదని లాంగ్‌పాస్ ఫిల్టర్ పెట్టి చూశారా
☐ ఒట్టి ద్రావణి స్పెక్ట్రమ్ తీసివేశారా
☐ ఉత్తేజం 20 నానోమీటర్లు జరిపి మళ్లీ తీశారా? పీక్ కూడా జరిగితే అది చాలావరకు ద్రావణి చెదరగొట్టిన కాంతి, అంటే రామన్ పీకే
☐ మీ డిటెక్టర్ సున్నితత్వం ఎక్కడ పడిపోతుందో తెలుసా? మామూలు ఫ్లోరిమీటర్లలో 850 దాటాక కనిపించే "అంచు" యంత్రానిదే కావొచ్చు

## 9. మాల్డీ అందని వాళ్లకు గ్లూటాథయోన్ దారి

చాలా కాలేజీల్లో యూవీ దీపం, మామూలు ఫ్లోరిమీటర్ తప్ప ఏమీ ఉండవు. అలాంటి చోట కూడా లిగాండ్ పొర ఏం చేస్తుందో కళ్లారా చూడొచ్చు. 2012లో ప్రచురితమైన ఈ పద్ధతి నీళ్లలో కరిగే గ్లూటాథయోన్ అనే థయోల్‌తో, నీళ్లలోనే జరుగుతుంది.

1. 4.35 మి.లీ. శుద్ధజలంలో 20 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం (పైన వాడిన గోల్డ్ క్లోరైడ్ ట్రైహైడ్రేట్ ద్రావణమే) 0.50 మి.లీ., 100 మిల్లీమోలార్ గ్లూటాథయోన్ 0.15 మి.లీ. కలపండి. రెండూ అప్పుడే చేసినవై ఉండాలి. గ్లూటాథయోన్ ద్రావణం నిల్వ ఉంటే ఆక్సీకరణం చెందుతుంది.
2. పసుపు పోయేదాకా ఆగి, 1 మి.లీ. విడిగా తీసి ఉంచండి. ఇందులో ఉన్నది బంగారం-థయోలేట్ సంక్లిష్టమే, క్లస్టర్ ఇంకా లేదు.
3. మిగతాది 70 డిగ్రీల దగ్గర 24 గంటలు మెల్లగా తిప్పండి. 365 దీపం కింద నారింజ వెలుగు వస్తుంది, ఉద్గారం 610 దగ్గర.

ఇప్పుడు విడిగా తీసిన దానిలోంచి 0.1 మి.లీ. చిన్న వయల్‌లో వేసి, చీకట్లో దీపం కింద పెట్టి, ఇథనాల్ చుక్కచుక్కగా పోయండి. మొదట ఏమీ ఉండదు. ఇథనాల్ మూడొంతులు దాటాక ద్రావణం పాలలా మసకబారి, ఆ మసకే వెలగడం మొదలవుతుంది. కొత్తగా కోర్ ఏదీ పుట్టలేదు. నీళ్లలో అటూ ఇటూ కదిలే లిగాండ్లు గుమిగూడి బిగుసుకున్నాయి, అంతే. నీళ్లు పోసి పలుచన చేస్తే వెలుగు మళ్లీ పోతుంది.

ఇదే సూత్రం 2015లో ఇంకా గట్టిగా రుజువైంది. 22 బంగారాలు, 18 గ్లూటాథయోన్లు ఉన్న క్లస్టర్ నీళ్లలో 8 శాతం దాకా వెలుగుతుంది. దాని కార్బాక్సిలేట్లకు స్థూలమైన టెట్రాఆక్టైల్ అమ్మోనియం అయాన్లను జతచేసి టొలుయీన్‌లోకి తెస్తే 60 శాతం దాటింది. కోర్ అదే, లిగాండ్ అదే. బయటి పొర కదలికే ఆగింది.

ఈ దారికి ఒక పరిమితి ఉంది. 70 డిగ్రీల పద్ధతిలో వచ్చేది ఒకే పరిమాణం కాదు, మిశ్రమం. కాబట్టి "ఈ కోర్ మీద ఈ లిగాండ్" అని రాయొద్దు. "ఈ తయారీలో, ఈ పరిస్థితిలో" అని రాయండి. రెండు లిగాండ్లను పోల్చాలంటే రెండూ ఒకే రోజు, ఒకే బంగారు ద్రావణంతో చేయండి. ఈల్డ్ కొలిచేటప్పుడు రుథేనియం ట్రిస్‌బైపిరిడీన్ లాంటి, ఉత్తేజానికీ ఉద్గారానికీ ఇలాంటి దూరమే ఉన్న ప్రమాణం వాడండి, అందులో గాలి ఉందో తీసేశారో రాయండి.

ఒకే పరిమాణపు గ్లూటాథయోన్ క్లస్టర్‌తోనే మార్పిడి చేయాలనుకుంటే ఏయూ25 గ్లూటాథయోన్ రూపం ఉంది. ఐఐటీ మద్రాస్‌లో టి. ప్రదీప్ బృందం 2008లో దాని మీద లిగాండ్ మార్పిడి, దాని వేగం, వెలుగు మూడూ కలిపి ప్రచురించింది. మన దగ్గరి బృందం చేసిన పని కాబట్టి ముందు దాన్ని చదవండి.

## 10. తరచూ వచ్చే చిక్కులు

24 గంటలైనా మార్పిడి జరగలేదు. థయోల్ సీసా పాతదై డైసల్ఫైడ్‌గా మారి ఉండొచ్చు. ఎన్ఎంఆర్ తీసి చూడండి. కొత్త సీసా తెరిచేదాకా ఉష్ణోగ్రత పెంచకండి. వేడి చేస్తే కోర్ మారే దారి తెరుచుకుంటుంది.

నల్లటి లేదా తెల్లటి పొడి అడుగున చేరింది. థయోల్ ఎక్కువై క్లస్టర్ కరిగిపోతోంది, లేదా కొత్త లిగాండ్ వల్ల ద్రావణీయత మారింది. పొడిని టొలుయీన్‌లో, టీహెచ్ఎఫ్‌లో కరిగించి చూడండి. కరిగి 680 పీక్ చూపిస్తే ద్రావణీయత సమస్యే, ద్రావణి మార్చుకుంటే చాలు. కరగకపోతే మోతాదు సగానికి తగ్గించి మళ్లీ చేయండి.

గ్లూటాథయోన్ ద్రావణం ఊదా రంగుకు తిరిగింది. థయోల్ తక్కువైంది లేదా గాజు శుభ్రంగా లేదు. 520 పీక్ ఉంటే అవి క్లస్టర్లు కావు, పెద్ద కణాలు. బాగు చేయడానికి చూడకండి, పారబోసి మళ్లీ చేయండి.

మాల్డీలో ఏమీ రాలేదు. సాధారణంగా అమ్మోనియం లవణం మిగిలిపోవడమే కారణం. ఇంకో మూడుసార్లు మెథనాల్‌తో కడగండి. ఆ తర్వాతే మ్యాట్రిక్స్ నిష్పత్తి మార్చండి.

మార్పిడి తర్వాత వెలుగు బాగా పెరిగింది. సంబరపడే ముందు వడపోసిన ద్రవాన్ని కూడా ఫ్లోరిమీటర్‌లో పెట్టండి. కొత్త థయోల్‌లోని మలినమే వెలుగుతూ ఉండొచ్చు. క్లస్టర్ ఉత్తేజ స్పెక్ట్రమ్, శోషణ స్పెక్ట్రమ్ ఒకదాని పోలికలో ఒకటి ఉన్నాయేమో చూడండి. లేకపోతే వెలుగు వేరేవాళ్లది.

## 11. నిల్వ, పంపడం, నోట్‌బుక్

పొడిగా ఆరబెట్టి, అంబర్ వయల్‌లో, ఫ్రిజ్‌లో ఉంచండి. డీసీఎంలో కరిగించి రోజుల తరబడి పెట్టొద్దు, తటస్థ రూపంలోకి జారిపోతుంది. మాస్ కోసం వేరే ఊరు పంపేటప్పుడు పొడినే పంపండి. అదే వయల్‌లోంచి ఒక చిటికెడు మీ దగ్గర ఉంచుకుని, అవతల మాల్డీ తీసే రోజే ఇక్కడ యూవీ తీయండి.

ప్రతి నమూనా ఎదురుగా నోట్‌బుక్‌లో ఇవి ఉండాలి:

☐ థయోల్ సీసా తెరిచిన తేదీ
☐ స్థానానికి ఎన్ని థయోళ్లు, ఎంతసేపు, ఎన్ని డిగ్రీలు
☐ మెథనాల్‌తో ఎన్నిసార్లు కడిగారు
☐ సగటు మార్పిడి, మాల్డీతో ఒకటి, ఎన్ఎంఆర్‌తో ఒకటి
☐ ఆవేశం: రుణమా, తటస్థమా, ఎలా తేల్చారు
☐ వయల్ 1, వయల్ 2 ఫలితాలు, అదే గ్రాఫ్ మీద

గైడ్‌కు గ్రాఫ్ పంపేటప్పుడు వయల్ 1, 2 గీతలను సప్లిమెంటరీకి నెట్టకండి. వయల్ 3, 4 గీతల పక్కనే, అదే స్కేలు మీద పెట్టండి.